కోపెన్‌హేగెన్‌లో ఒక పాత ఆసుపత్రి

కోపెన్‌హేగెన్ వెళ్ళొచ్చామని మన సంఘం పిక్నిక్‌లో చెప్పగానే అందరూ అడిగింది ఒకటే. "మత్స్యకన్య బొమ్మ చూశారా?" అని.

చూశాం. 1913లో నీటి ఒడ్డున ఒక రాతి మీద కూర్చోబెట్టిన ఆ కంచు బొమ్మ ఎత్తు నాలుగడుగుల పైన కొద్దిగా, అంతే. మా అబ్బాయి చూడగానే "ఇంతేనా నాన్నా!" అన్నాడు. ఫోటోల్లో చూసి చాలా పెద్దదనుకున్నాడు పాపం. మన పిల్లలకు డిస్నీ సినిమా తెలుసు గాని, హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో అచ్చు వేయించిన అసలు కథ అంత తియ్యగా ఉండదు. అందులో ఆ పిల్ల మనిషి కాళ్ళ కోసం తన గొంతును సముద్రపు మంత్రగత్తెకు ఇచ్చేస్తుంది. కాళ్ళు వస్తాయి. కాని వేసిన ప్రతి అడుగూ కత్తి మీద వేసినట్లే ఉంటుంది. మనసులో మాట చెప్పుకోవడానికి ఆమెకు కళ్ళు తప్ప ఇంకేమీ మిగలవు.

గొంతు పోవడమంటే ఏమిటో, అడుగు పడకపోవడమంటే ఏమిటో నాకు కొద్దిగా తెలుసు. అందుకేనేమో, టూరిస్టులంతా ఫోటోలు తీసుకుని బస్సులెక్కేస్తున్నా నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. అయితే మేము అంత దూరం వెళ్ళింది ఆ బొమ్మ కోసం కాదు. ఏ గైడు పుస్తకంలోనూ పెద్దగా కనిపించని ఒక వీధినీ, ఒక పాత ఆసుపత్రినీ చూడ్డానికి.

ఎందుకు వెళ్ళామంటే

2022 నవంబరులో నాకు న్యుమోనియా వచ్చింది. అది రక్తంలోకి పాకి సెప్సిస్ అయింది. 16 రోజులు ఐ.సి.యు.లో ఉన్నాను. అందులో 11 రోజులు వెంటిలేటర్ మీదే. ఇక్కడ ఇంగ్లండులోని ఆ ఆసుపత్రి వాళ్ళు నన్ను బతికించి ఇంటికి పంపారు. ఆ ఋణం తీరేది కాదు.

ఇంటికి వచ్చిన మూడు నెలలకు మళ్ళీ రమ్మని ఉత్తరం వచ్చింది. ఐ.సి.యు. నుంచి బయటపడ్డవాళ్ళను పిలిచి, ఎలా ఉన్నారో కనుక్కునే క్లినిక్కట. అక్కడ ఒక నర్సు నా చేతిలో నీలం అట్ట నోటుబుక్కు ఒకటి పెట్టింది. నేను స్పృహలో లేని రోజుల్లో నర్సులూ మావాళ్ళూ నా కోసం రాసి ఉంచిన డైరీ అది. "ఈ డైరీ అలవాటు స్కాండినేవియా దేశాల నుంచి వచ్చింది. అసలు ఐ.సి.యు. పుట్టింది కూడా కోపెన్‌హేగెన్‌లోనే" అని మాటల మధ్యలో చెప్పింది.

పక్కనే కూర్చున్న మా అమ్మాయి ఆ మాట పట్టుకుంది. "అయితే నీకు బాగయ్యాక అక్కడికి వెళ్దాం నాన్నా" అంది. బాగవడానికి ఏడాది పైనే పట్టింది. 2024 మే నెలలో హాఫ్ టర్మ్ సెలవులు చూసుకుని నలుగురం బయలుదేరాం. లండన్ నుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి మెట్రో. ఆ మెట్రోకి డ్రైవరే ఉండడు! మా అబ్బాయి ముందు సీటులో అద్దానికి ముక్కు ఆనించి కూర్చుని తనే నడుపుతున్నంత సంబరపడ్డాడు.

బ్లెగ్‌డమ్ వీధి

ఊరు చాలా అందమైనది. న్యూహౌన్ కాలువ ఒడ్డున పసుపు, ఎరుపు, నీలం రంగుల ఇళ్ళు. 1843లో తెరిచిన టివొలి తోట. మనుషుల కంటే సైకిళ్ళే ఎక్కువ ఉన్నాయా అనిపిస్తుంది. ఇవన్నీ మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది బ్లెగ్‌డమ్స్‌వై అనే వీధి సంగతి.

భౌతికశాస్త్రం చదివిన మన పిల్లలకు ఆ వీధి పేరు తెలిసే ఉండవచ్చు. నీల్స్ బోర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది అక్కడే. డెన్మార్కులో పేరు మోసిన రీగ్స్ హాస్పిటల్ ఉన్నదీ ఆ దాపునే. ఒకప్పుడు అదే వీధిలో బ్లెగ్‌డమ్ హాస్పిటల్ అని అంటువ్యాధుల ఆసుపత్రి ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ పేరుతో ఆసుపత్రి లేదు.

1952 వేసవిలో ఆ ఊరికి పోలియో వచ్చింది. మన తరంవాళ్ళకు పోలియో అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కాలు చచ్చుబడ్డ స్నేహితుడు ప్రతి బడిలోనూ కనీసం ఒకడుండేవాడు. మన దేశం నుంచి పోలియో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2014లో. కోపెన్‌హేగెన్‌కు వచ్చిన పోలియో కాళ్ళతో ఆగలేదు. ఎంతోమందికి మింగే కండరాలు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడ్డాయి. జులై నుంచి డిసెంబరు మొదటి వారం లోపల ఆ ఒక్క ఆసుపత్రికి 2,722 మంది పోలియో రోగులు వచ్చారు. వాళ్ళలో 316 మందికి ఊపిరికి సాయం కావలసి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నదేమో రోగిని మెడదాకా లోపల పెట్టి ఊపిరి ఆడించే ఇనుప పెట్టె ఒకటి, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో ఆ యంత్రాలు పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు లాసెన్ ఇక దిక్కుతోచక, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరును పిలిపించాడు. మత్తు డాక్టరును అంటువ్యాధుల వార్డుకు పిలవడం అప్పట్లో ఎవరూ ఎరగని పని. ఇబ్సెన్ అంతకు ముందు బోస్టన్‌లో పనిచేసి వచ్చినవాడు. ఆపరేషన్ గదిలో రోగి గొంతులోకి గొట్టం పెట్టి రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి ఇవ్వడం ఆయనకు రోజూ చేసే పని. అదే పని ఇక్కడ ఎందుకు చేయకూడదని ఆయన ప్రశ్న.

1952 ఆగస్టు 27న వివి ఏబర్ట్ అనే 12 ఏళ్ళ పాప ఆఖరి క్షణాల్లో ఉంది. ఆ పాప గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచితో ఊపిరి ఇవ్వబోతే మొదట గాలి లోపలికి పోనేలేదు. చూడ్డానికి వచ్చిన డాక్టర్లు ఇక లాభం లేదనుకున్నారు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చాడు. పెనుగులాట ఆగింది. ఛాతీ మెత్తబడి గాలి పోసాగింది. పాప బతికింది. ఆ తర్వాత 1971 దాకా జీవించింది.

కాని సంచి నొక్కడానికి మనిషి కావాలి. ఒక రోజు కాదు, వారాలూ నెలలూ కావాలి. ఒకే సమయంలో 70 మంది దాకా రోగులు అలా ఉన్న రోజులున్నాయి. అప్పుడు వైద్యవిద్యార్థులను పిలిచారు. దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచం పక్కన కూర్చుని చేత్తో సంచి నొక్కారు. మొత్తం 1,65,000 గంటలని లెక్క. మా అమ్మాయి ఫోనులో భాగించి చూసి, "నాన్నా, ఒక్క మనిషే చేస్తే రాత్రీ పగలూ ఆపకుండా దాదాపు 19 ఏళ్ళు!" అంది.

అప్పటికి తెరలూ లేవు, అలారంలూ లేవు. పిల్లల పెదవుల రంగు, ఛాతీ లేవడం, కళ్ళు - ఇవి చూసే ఆ విద్యార్థులు సంచి నొక్కాలి. మంచం మీద ఉన్నవాళ్ళకు మెలకువ ఉంటుంది, మాట ఉండదు. ఊపిరి చాలడం లేదని కళ్ళతోనే చెప్పుకోవాలి. విద్యార్థులు వాళ్ళకు కథలు చదివేవారు, ఆటలాడించేవారు. చనిపోయేవాళ్ళ సంఖ్య సగానికి పైగా తగ్గింది.

ఆ వీధిలో నడుస్తుంటే మా అమ్మాయి ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. వివికి 12 ఏళ్ళు. నేను ఆసుపత్రిలో పడ్డప్పుడు మా అమ్మాయికీ పన్నెండే.

ఓస్టర్ ఫరిమాగ్స్‌గేడ్

మరుసటి రోజు నోరెపోర్ట్ స్టేషన్లో దిగి, బొటానికల్ గార్డెన్ పక్కగా నడిచాం. ఓస్టర్ ఫరిమాగ్స్‌గేడ్ అనే వీధిలో 1863లో కట్టిన కొమ్యూన్ హాస్పిటల్ ఉంది. ఇటుక గోడలు, మధ్యలో గుమ్మటం, లోపల చెట్లున్న ప్రాంగణాలు. ఆసుపత్రిని 1999లో మూసేశారు. ఇప్పుడు ఆ భవనాలను కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయం వాడుకుంటోంది. గడ్డిలో కూర్చుని కుర్రాళ్ళు కాఫీ తాగుతూ పరీక్షలకు చదువుకుంటున్నారు.

పోలియో తగ్గాక ఇబ్సెన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఊపిరి ఆగిపోయేది పోలియో ఒక్కదానికేనా? పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళు, పెద్ద ఆపరేషన్లయినవాళ్ళు, ఒళ్ళంతా విషం పాకినవాళ్ళు - వీళ్ళందరినీ ఒక్కచోట చేర్చి, పక్కనే నర్సునూ డాక్టరునూ రాత్రింబవళ్ళు ఉంచితే? 1953 డిసెంబరులో ఈ ఆసుపత్రిలోనే అటువంటి వార్డు ఒకటి తెరిచాడు. ప్రపంచంలో మొదటి ఐ.సి.యు. అని దాన్నే చెబుతారు. ఇబ్సెన్ 2007లో చనిపోయారు. ఆయన పేరు మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు గాని, ఆయన మొదలుపెట్టిన పని వల్ల బతికినవాళ్ళు మన ప్రతి చుట్టరికంలోనూ ఒకరైనా ఉంటారు.

ఆ ప్రాంగణంలో ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఇంత మంచి చోటు గురించి బయటివాళ్ళకు తెలిసేది తలుపు దాకానే. లోపల పడుకున్నవాడికి అది ఎలా ఉంటుందో ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. అందుకని నాకు తెలిసినంత చెబుతాను.

లోపల పడుకున్నవాడి సంగతి

మొదటిది దాహం. వెంటిలేటర్ గొట్టం నోట్లోంచి స్వరతంత్రుల మధ్యగా శ్వాసనాళంలోకి పోతుంది. అందుకే మాట రాదు, మంచినీళ్ళు తాగడానికీ వీల్లేదు. ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంలో ఆహారం పోతుంది, రక్తనాళంలో సెలైను పోతుంది, ఒంటికి నీటి కొరత ఉండదు. కాని నాలుక అట్టముక్కలా ఉంటుంది. నర్సు పుల్లకు గుచ్చిన చిన్న స్పాంజిని నీళ్ళలో ముంచి పెదవులకు అద్దుతుంది. ఆ నాలుగు చుక్కల రుచి నాకు ఇప్పటికీ గుర్తే. గొట్టం తీసిన తర్వాత కూడా మింగడం సరిగా వచ్చిందో లేదో పరీక్ష చేసిగాని గ్లాసు చేతికి ఇవ్వరు.

రెండోది చప్పుడు. రాత్రిపూట ఆసుపత్రి వార్డులో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐ.సి.యు.లలో కొలిస్తే 50 దాటుతుంది. ప్రతి పంపుకూ ఒక కూత, ప్రతి తెరకూ ఒక అలారం. దీపాలు పూర్తిగా ఆర్పరు. రాత్రి రెండింటికి రక్తం తీస్తారు, మూడింటికి పక్కకు తిప్పుతారు. అన్నీ మన మంచికే. కాని పగలేదో రాత్రేదో తెలియకుండా పోతుంది.

మూడోది ఒళ్ళు. లండన్‌లో చేసిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. ఐ.సి.యు.లో మొదటి 10 రోజుల్లోనే తొడ కండరం సుమారు ఆరో వంతు కరిగిపోతుందని అందులో తేలింది. నాకు మెలకువ వచ్చాక చూస్తే నా చేతులు నావిగా అనిపించలేదు. పళ్ళు తోముకునే బ్రష్షు ఇనుప గడ్డపారంత బరువుగా ఉంది. ఫిజియోథెరపిస్టు, ఇంకొకరు కలిసి నన్ను మంచం అంచున కూర్చోబెడితే, అరనిమిషానికి చెమటలు పట్టాయి. మేడమీదికి వెళ్ళడం కాదు, మెడ నిలబెట్టడమే గొప్ప ఆ రోజుల్లో.

నాలుగోది చెప్పడమే కష్టం. దాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మన ఊళ్ళలో సంధి ప్రేలాపన అంటారే, అదే. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో సగానికి పైగా దీని పాలవుతారు. కొన్ని పరిశోధనల్లో పదిమందిలో ఎనిమిది మందికి కనిపించింది. అది పిచ్చి కాదు. జబ్బు, మందులు, నిద్రలేమి కలిసి మెదడును కలవరపెడతాయి. ఒంట్లో జబ్బు తగ్గుతుంటే చాలామందికి అదీ తగ్గుతుంది. కాని అందులో చూసినవి మాత్రం కలల్లా చెరిగిపోవు. నిజంగా జరిగినట్టే ఉండిపోతాయి.

వంతెన మీద ఆగిన రైలు

నేను రాజమండ్రివాణ్ణి. కాబట్టి నా సంధి కూడా గోదావరి మీదే జరిగింది.

నేను రైల్లో పై బెర్తు మీద పడుకున్నాను. రైలు సరిగ్గా వంతెన మధ్యలో ఆగిపోయింది. కింద గోదావరి నిండుగా పోతోంది. నాకు దాహం. అన్ని నీళ్ళు కింద కనిపిస్తున్నా ఒక్క చుక్క ఇచ్చేవాళ్ళు లేరు. బెర్తు ఉండుండి ఉబ్బుతోంది, కుంగుతోంది. వంతెన కూలిపోతోందని నా భయం. ముఖానికి గుడ్డలు కట్టుకున్న టికెట్ కలెక్టర్లు వచ్చి పోతున్నారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని పెట్టెల పేర్లు చదువుతోంది: "ఎస్... ఎ... వి... ఇ... ఎ..." ఎస్ అంటే స్లీపరు, ఎ అంటే ఏసీ. నా పెట్టె ఏదో నేను చెప్పలేకపోతున్నాను. చెప్పకపోతే దింపేస్తారు. నా చేతులు మూటకట్టేశారు. ఎవరో తెల్లటి పాలలాంటిది నా ఒంట్లోకి ఎక్కిస్తున్నారు, అది విషమని నాకు ఖాయంగా తెలుసు. మా ఆవిడ స్టేషన్లోనే దిగిపోయింది. నన్ను ఈ రైల్లో వదిలేసి పిల్లలను తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు చదువుతుంటే నవ్వొస్తుంది కదా. పిల్లలు నవ్వితే నాకేమీ బాధ లేదు. కాని ఇంటికి వచ్చాక కూడా ఎన్నో రాత్రులు ఆ వంతెన మీదే మెలకువ వచ్చేది. మైక్రోవేవ్ కూసినా ఉలిక్కిపడేవాణ్ణి. స్టేషన్లో దిగిపోయిన మా ఆవిడ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది జరగలేదని బుద్ధికి తెలుసు. కళ్ళతో చూసినట్టున్న దాన్ని బుద్ధి ఒక్కటే చెరపలేకపోయింది.

నీలం పుస్తకం

ఆ డైరీలో ఏముందో చెబుతాను. రోజుకు అరపేజీ, ఒక్కోసారి నాలుగే వాక్యాలు. "ఈ రోజు మంగళవారం. బయట వాన. మీ జ్వరం తగ్గింది. మిమ్మల్ని స్కానుకు తీసుకెళ్ళాం" - ఇలా ఉంటుంది. నర్సులు రోగితో మాట్లాడుతున్నట్టే రాస్తారు. స్కాండినేవియాలో నర్సులు 1980లలో ఈ అలవాటు మొదలుపెట్టారు. తర్వాత యూరప్‌లోని ఆరు దేశాల్లో 12 ఐ.సి.యు.లలో 352 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి, 2010లో ఫలితాలు అచ్చు వేశారు. డైరీ ఇచ్చినవాళ్ళలో నూటికి 5 మందికి, ఇవ్వనివాళ్ళలో నూటికి 13 మందికి ఆ భయాలు జబ్బుగా ముదిరాయి. ఒక నోటుబుక్కు, ఒక కలం - అంతే ఖర్చు.

నా డైరీ చదువుతుంటే రైలు ఒక్కొక్క పెట్టే విడిపోయింది. ఉబ్బి కుంగిన బెర్తు, ఒళ్ళు పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపు. టికెట్ కలెక్టర్లు మాస్కులు పెట్టుకున్న నర్సులు. చేతులకు కట్టిన మూటలు మెత్తటి తొడుగులు. ముక్కు గొట్టం రెండుసార్లు లాగేశానట, అందుకని తొడిగారు. పాలలాంటిది ప్రొపొఫాల్ అనే మత్తుమందు, దాని రంగే అంత. పెట్టెల పేర్లు చదివినామె డెలీరియం పరీక్ష చేస్తోంది. అక్షరాలు వరసగా చదువుతూ 'ఎ' వినిపించినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు.

ఒక పేజీ మాత్రం అందరికంటే మా అమ్మాయికి ఇష్టం. మందు తగ్గించి నన్ను మేలుకొల్పినప్పుడు నాకు ఇంగ్లీషు పూర్తిగా పోయిందట. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఉద్యోగం చేసినవాణ్ణి! పెదవులతో ఏదో అంటున్నానుగాని ఎవరికీ అర్థం కావడం లేదు. అక్షరాల అట్ట చూపిస్తే ఇంగ్లీషు అక్షరాలను ఎగాదిగా చూశానట. సాయంత్రం మా అమ్మాయి వచ్చి నా పెదవులు చూసి, "నీళ్ళు అంటున్నారు" అని చెప్పింది. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని పెద్ద కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది: నీళ్ళు. నొప్పి. చలి. ఉక్క. తల ఎత్తండి. అమ్మ ఏది? పక్కనే ఇంగ్లీషులో అర్థం. శనివారం తెలుగు బడికి పంపేటప్పుడు ప్రతి వారం ఏడిచిన పిల్ల అది. మర్నాటి పేజీలో నర్సు రాసింది: "ఈ రోజు మీ అమ్మాయి నాకు తెలుగు నేర్పింది. నీళ్ళు అనడం వచ్చింది. నేను అనగానే మీరు కళ్ళు పెద్దవి చేసి చూశారు."

చెరువు గట్టున

పాత ఆసుపత్రి వెనక రెండడుగులు వేస్తే పొడుగాటి చెరువులు వరసగా ఉంటాయి. ఆ దాపున ఉన్నదాన్ని సోర్టెడమ్ చెరువు అంటారు. సాయంత్రం పిల్లలిద్దరూ బాతులను చూస్తూ ముందుకు వెళ్ళారు. మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆ నీళ్ళను చూస్తుంటే ఏమనిపించిందో, స్టేషన్ సంగతి మా ఆవిడకు చెప్పాను.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. సంచిలోంచి నీలం పుస్తకం తీసింది. అయిదో రోజు పేజీ తీసి, "చదవండి" అంది. చదివిన పేజీయే, అయినా మళ్ళీ చదివాను. నర్సు రాసింది: మీ భార్య ఉదయం తొమ్మిదింటికి వచ్చారు, రాత్రి ఎనిమిదింటికి వెళ్ళారు, మీ పక్కన కూర్చుని మీ భాషలో ఏదో పుస్తకం గట్టిగా చదువుతూనే ఉన్నారు, వారు చదువుతున్నంతసేపూ మీ గుండె వేగం నిమ్మళంగా ఉంది.

"ఏం పుస్తకం?" అన్నాను. ఏడాదిన్నరలో ఈ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"పుస్తకమా, పాడా! ఇంట్లో తాళాల బల్ల మీద ఉన్న రైల్వే టైమ్ టేబులు. ఇండియా వెళ్ళినప్పుడు కొన్నది. ఆ హడావుడిలో చేతికి అదే దొరికింది. విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా స్టేషన్లన్నీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదండీ. మీకు ఊళ్ళ పేర్లంటే ఇష్టం కదా అని..."

మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. తర్వాత ఆమె ఏడ్చింది. ఆ పదహారు రోజుల్లో ఆమె ఎలా ఉందో, రాత్రి ఫోను మోగితే ఏమయ్యేదో, ఇండియాలో మా అమ్మకు ఏం చెప్పిందో అప్పుడు మొదటిసారి విన్నాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. మే నెలలో ఆ ఊళ్ళో చీకటి చాలా ఆలస్యంగా పడుతుంది.

ఆ రైలు కల ఇప్పుడూ అప్పుడప్పుడు వస్తుంది. కాకపోతే స్టేషన్లు వరసగా వస్తున్నాయి. గోదావరి స్టేషన్, రాజమండ్రి, ద్వారపూడి, అనపర్తి.

మన ఇళ్ళకు

2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్ అనే మాట ప్రపంచంలో అందరికీ తెలిసింది. ఎన్నో కుటుంబాలను ఆసుపత్రి లోపలికి రానివ్వలేదు. నర్సులు ఫోను పట్టుకుంటే బిడ్డలు ఆ తెరలోంచే మాట్లాడుకున్నారు. మన సంఘంలోనూ అలా మాట్లాడుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ వ్యాసంలో కొత్త ఏమీ ఉండదు. మిగతావాళ్ళకు నా అనుభవం మీద, ఆసుపత్రివాళ్ళు చెప్పినదాని మీద నాలుగు మాటలు.

మత్తులో ఉన్నారుగదా, ఏం వినిపిస్తుందిలే అనుకోకండి. మాట్లాడండి. ఈ రోజు ఏ వారమో, బయట ఎండో వానో, ఇంట్లో ఏ కూర వండారో చెప్పండి. కళ్ళజోడు, వినికిడి మిషను ఉంటే తీసుకెళ్ళి నర్సుకు ఇవ్వండి. అవి లేకపోతే కలవరం ఎక్కువవుతుంది. పెద్దవాళ్ళ మాతృభాష తెలుగు అని నర్సుకు మొదటి రోజే చెప్పండి. ఆసుపత్రిలో డైరీ ఉందా అని అడగండి. లేకపోతే ఒక నోటుబుక్కు మీరే కొని రాయండి. ఇంటికి వచ్చాక "బతికి వచ్చావు, ఇంకేం కావాలి" అని సర్దేయకండి. బలం రావడానికి నెలలు పడుతుంది. మతిమరుపు, భయాలు, నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పాలి, అవి కూడా ఆ జబ్బులో భాగమే. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకైతే ఐసీయూ స్టెప్స్ అనే సంస్థ ఉంది. ఐ.సి.యు.లో ఉండి వచ్చినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ, సిబ్బందీ కలిసి 2005లో పెట్టుకున్నది. అక్కడ మాట్లాడితే మనమొక్కరమే కాదని తెలుస్తుంది.

ఇక పిల్లలకు ఒక మాట. మీ అమ్మమ్మో తాతయ్యో మీ దగ్గరకు వచ్చినప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకోండి. నీళ్ళు, నొప్పి, చలి, ఉక్క, భయం, అమ్మ - ఇలా ఓ పది మాటలు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు రాయండి. రాయడంలో తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు. ఆ కాగితం ఎప్పుడూ అవసరం పడకూడదనే నా కోరిక. మా అమ్మాయి రాసిన కాగితం మాత్రం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. మా అబ్బాయి దాని కింద ఇంకో మాట చేర్చాడు: ఐస్‌క్రీమ్.